నూనె చుక్క వేసి లెక్క ఎగ్గొడతారా

వేపనూనె మీద నాకు కోపం లేదు. కానుగనూనె మీదా లేదు. సన్నటి పాలిమర్ పోగుల్లోకి వాటిని ఎక్కించి పుండు మీద వేసే పట్టీ చేయాలన్న ఆలోచన మీద అసలే లేదు, అది మంచి ఆలోచనే. నా కోపమంతా ఆ పట్టీ చుట్టూ పేరుకుపోతున్న ధీమా మీద. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మంచిదే, మంచిదే కాబట్టి కొలవక్కర్లేదు, కొలవలేదు కాబట్టి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఈ దారిలో పరిశోధకుడికి పేపరు వస్తుంది, అమ్మేవాడికి డబ్బా మీద వేసుకోవడానికి పచ్చటి ఆకు బొమ్మ వస్తుంది, అడవిలో గింజ ఏరిన కోయ ఇల్లాలికి సంతలో ఆనాటి రేటు వస్తుంది. పుండు ఉన్నవాడికి ఏం వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇది వేంసూరు నుంచి రాస్తున్నాను. సత్తుపల్లికి ఆనుకుని, ఆంధ్ర సరిహద్దు మీద ఉన్న మండలం. వరి, మిర్చి, పత్తి, మామిడి అన్నీ పండుతాయి గానీ ఇప్పుడు రోడ్డెక్కితే కళ్లకు కట్టేది పామాయిల్ తోటే. అశ్వారావుపేట ఫ్యాక్టరీకి గెలలు మోసే ట్రాక్టర్లను చూసినవాళ్లు చాలామంది. ఆ గెల కోసినవాడి అరచేతిని చూసినవాళ్లు తక్కువ. ఆయిల్‌పామ్ మట్ట మొదట్లో రెండు అంచులా ముళ్లుంటాయి, గెలకూ ముళ్లుంటాయి. ఆ ముల్లు దిగితే చీము పడుతుంది. మొన విరిగి కీలు దగ్గర ఉండిపోతే నెలల తరబడి వేలు వాచి వంగదు. ఇక్కడివాళ్లు గాయపాకు పసరు పిండుతారు, పసుపు అద్దుతారు, ఇంట్లో ఏ నూనె ఉంటే ఆ నూనె రాస్తారు. ఇంకో వైపు షుగరు జబ్బుతో పాదం మొద్దుబారి, కింద పుండు పడినా తెలియనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కాబట్టి పుండుకు పట్టీ అన్న మాట మాకు పరిశోధనాంశం కాదు, ఇంటి సంగతి.

ఇప్పుడు ఆ పట్టీ ఎలా తయారవుతుందో చూడండి. పాలిమర్‌ను ఒక ద్రావకంలో కరిగిస్తారు. సిరంజిలో పోసి సూది మొనకు పదివేలో ఇరవైవేలో వోల్టుల కరెంటు పెడతారు. మొన దగ్గర బొట్టు శంకువులా సాగి, అందులోంచి కంటికి ఆనని పోగు ఎగిరి, ద్రావకం ఆరిపోయి, ఎదురుగా ఉన్న పలక మీద పొరగా పడుతుంది. దీన్ని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. కొత్తదేం కాదు. 1902లోనే అమెరికాలో పేటెంట్లున్నాయి, 1934లో ఆంటన్ ఫార్మాల్స్ అనే ఆయన తీసుకున్నాడు, ఆ శంకువు లెక్కను 1964లో జెఫ్రీ టేలర్ తేల్చాడు. తల వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నటి పోగు కూడా తీయొచ్చు. మన కణాల మధ్య సహజంగా ఉండే అల్లికకు ఈ పొర దగ్గరగా ఉంటుంది కాబట్టి కొత్త చర్మం దాన్ని పట్టుకుని పాకుతుందని ఆశ. పోగులో మందు పెడితే కొంచెం కొంచెంగా వదులుతుందని రెండో ఆశ. రెండూ న్యాయమైన ఆశలే.

ఇక నూనె సంగతి. తరచుగా వాడే పాలిమర్ పాలీకాప్రోలాక్టోన్. అది పుట్టేది పెట్రోలియం నుంచి. దాన్ని కరిగించడానికి క్లోరోఫామో, డైమిథైల్ ఫార్మమైడో, అలాంటిదే ఇంకోటో పోస్తారు. అందులో వందకు ఐదు పాళ్లు వేపనూనె పడగానే మొత్తం పట్టీ సహజమైపోతుంది! ముడిచమురు బిడ్డ క్లోరోఫామ్‌లో స్నానం చేసి, రెండు చుక్కల వేపనూనెతో బొట్టు పెట్టుకుని వనదేవతగా బయటికి వస్తుంది. ఆ ద్రావకం పట్టీలో ఇంకా ఎంత మిగిలిందో కొలిచి చెప్పండయ్యా అంటే కొందరు చెబుతారు, చాలామంది చెప్పరు.

నూనెల్లో రెండు జాతులున్నాయి. వేప, కానుగ, ఇప్ప, కొబ్బరి, పామాయిల్ లాంటివి కొవ్వునూనెలు, ఎక్కడికీ ఎగిరిపోవు. లవంగం, నిమ్మగడ్డి, యూకలిప్టస్ లాంటివి సుగంధ తైలాలు, మూత తీస్తే గాలిలో కలిసిపోతాయి. పోగు తీసేటప్పుడు ద్రావకం ఆవిరవ్వాలి. దానితోపాటు సుగంధ తైలమూ ఆవిరవుతుంది. ద్రావణంలో ఐదు పాళ్లు పోశాను అని రాసేవాడు పోగులో ఎంత మిగిలిందో కొలవకపోతే, పోసిన లెక్క మాత్రమే చెబుతున్నాడు, మిగిలిన లెక్క కాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడానికి దారులు లేకపోలేదు. సూదిలో సూది పెట్టి నూనెను లోపల, పాలిమర్‌ను బయట ఉంచొచ్చు, లేదా నూనెను చిన్న బిందువులుగా చిలికి పోగులో బంధించొచ్చు. అయినా చాలాసార్లు మొదటి కొన్ని గంటల్లోనే నూనెలో పెద్ద భాగం బయటికి దూకేస్తుంది, ఆ తర్వాత పట్టీ ఖాళీ.

కొవ్వునూనెలది ఇంకో తంటా. నూనె పాలిమర్‌ను మెత్తబరుస్తుంది. కొంచెమైతే పట్టీ ఒంటికి ఒదుగుతుంది, ఎక్కువైతే బలం పోయి చిరుగుతుంది, పోగు మధ్యలో పూసల్లా ముద్దలు కడుతుంది. పైగా నూనె నీటిని తోస్తుంది. పుండు నుంచి రసి కారుతుంటే దాన్ని పీల్చుకోవడం పట్టీ మొదటి పని. పీల్చని పట్టీ కింద రసి నిలిచి చుట్టూ ఉన్న మంచి చర్మం నానిపోతుంది. వేపనూనె ఎన్ని క్రిములను చంపిందో పట్టిక వేసి చూపేవాళ్లు రసి ఎంత పీల్చిందో కూడా అదే పట్టికలో వెయ్యాలి.

క్రిములను చంపడం అన్నారు కాబట్టి ఆ పరీక్షా చూద్దాం. గాజు పళ్లెంలో అగర్ పరిచి, స్టఫైలోకోకస్, ఈ-కోలి పెంచి, మధ్యలో పట్టీ ముక్క పెట్టి, చుట్టూ ఎంత మేర క్రిమి పెరగలేదో స్కేలుతో కొలుస్తారు. అగర్ అంటే నీళ్ల ముద్ద. నూనె అందులో పాకదు. కాబట్టి వలయం చిన్నదైతే నూనె పనిచేయలేదని కాదు, పెద్దదైతే పుండులో పనిచేస్తుందనీ కాదు. తర్వాత ఎలుక. ఎలుక చర్మం వదులుగా ఉండి, గాయాన్ని చాలావరకు ముడుచుకుని మూసేస్తుంది. మన చర్మం ఎక్కువగా కొత్త కణాలు పెంచి పూడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పడుచు ఎలుక వీపు మీద పెట్టిన శుభ్రమైన గాటు రెండు వారాల్లో మూసుకుపోయిందన్న ఫోటోకూ, ఇరవై ఏళ్లుగా షుగరున్న పెద్దాయన మడమ కింద పుండుకూ ఏం చుట్టరికం? ఆ పెద్దాయనకు ముందు కావలసింది పుండు మీద బరువు పడకుండా చూడటం, చచ్చిన కండ తీసేయడం, షుగరు అదుపు, కాలికి నెత్తురు అందుతోందో లేదో పరీక్ష. మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు చేసే మేలు ఏ తైలపు పోగూ చేయలేదు. ఆ చెప్పులకు ఇంత ప్రచారం రాదు మరి.

నిజానికి సహజం అన్నంత మాత్రాన సాధువు కాదని మన నూనెలే చెప్పాయి. 1981లో లాన్సెట్ పత్రికలో మలేషియా డాక్టర్లు రాశారు: వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతిన్నాయి. ప్రేమతో పట్టిన నూనే అది. చర్మం మీద రాయడం వేరు, తాగించడం వేరు, నిజమే. కానీ పుండు అంటే చర్మం లేని చోటు కదా. నిమ్మజాతి తైలాల్లోని లిమోనీన్, లావెండర్‌లోని లినలూల్ గాలి తగిలి పాతబడితే చర్మానికి ఎలర్జీ తెచ్చే పదార్థాలుగా మారతాయి. లవంగనూనెలోని యూజెనాల్ క్రిమిని చంపే మోతాదుకూ కొత్త చర్మకణాన్ని చంపే మోతాదుకూ మధ్య సందు చాలా ఇరుకు. ఆ ఇరుకులోంచి నడవాలంటే కొలత తప్ప ఇంకో దిక్కు లేదు.

ఇక్కడ కొందరికి మన శాస్త్రాలు, మన పూర్వీకులు గుర్తొస్తారు. రండి, వాళ్లనే అడుగుదాం. వ్రణాలకు వాడే జాత్యాది తైలంలో వేప ఉంది, కానుగ ఉంది, పసుపు ఉంది, మైలుతుత్తమూ ఉంది. మైలుతుత్తం పాళ్లు తప్పితే ఏమవుతుందో వైద్యుడికి తెలుసు. అందుకే ఏది ఎన్ని పాళ్లో, ఏ పాకం దాకా కాయాలో నియమం పెట్టుకున్నాడు. కొలత ఆయన వదల్లేదు. ఆయన పేరు చెప్పుకుని బతికేవాళ్లు వదిలేశారు.

కొలవగలమని, కొలిచే సత్తా మన దగ్గరే ఉందని చెప్పడానికి మా అడవిదే ఒక కథ ఉంది. గోదావరి అడవుల్లో తపసి చెట్టు, కొండగోగు చెట్టు పెరుగుతాయి. బెరడు గాటు పెడితే బంక కారుతుంది. గిరిజనులు ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. తపసి బంక దశాబ్దాలుగా విదేశాలకు పోతోంది. పేగు ఆపరేషన్ తర్వాత పొట్టకు సంచి అంటించే రింగుల్లో, కట్టుడు పళ్ల జిగురులో వాడారు. కొండగోగు బంకను తినొచ్చా, తినకూడదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ విభాగంలో శశిధర్ బృందం ఏం చేసింది? చెట్టు బంకే కదా అని సర్టిఫికెట్టు రాసివ్వలేదు. 1990ల చివర్లో దాని రసాయన కూర్పు తేల్చారు. ఎలుకలకు 90 రోజులు తిండిలో పెట్టి, అవయవాలు కోసి, నెత్తురు పరీక్షించి అప్పుడు మాట్లాడారు. ఆ పద్ధతికి దండం పెట్టాలి.

ఆ బంకే తర్వాత చెక్ దేశం చేరింది. అక్కడ లిబెరెట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం నానోపోగుల యంత్రాలకు పేరున్న చోటు. వినోద్ పడిల్, మిరోస్లావ్ చెర్నిక్, వాళ్ల సహచరులు గమ్ అరబిక్, తపసి బంక, కొండగోగు బంకలతో నానోపోగులు తీసి 2016లో ప్రచురించారు. బంక ఒక్కటే పోగు సాగదు కాబట్టి పీవీఏ అనే పాలిమర్ కలిపారు. గమనించండి, బంక పోగుకు ముడిసరుకు మాత్రమే కాదు, నూనెను నీళ్లలో బిందువులుగా పట్టి ఉంచే గుణమూ బంకకు ఉంది. క్లోరోఫామ్ అక్కర్లేకుండా, నీళ్లలోనే, కొండగోగు బంకతో వేపనూనెను చిలికి పోగు తీసే దారి మన ముందు తెరిచి ఉంది. పోగు మా అడవిది, నూనె మా అడవిది, పుండు మా తోటలోది. మూడూ ఇక్కడే ఉండగా యంత్రం మాత్రం మధ్య ఐరోపాలో తిరుగుతోంది. ఇందులో లిబెరెట్స్ వాళ్ల తప్పేముంది? వాళ్లు పని చేశారు. భద్రాచలంలో బంక తూకం వేసే మనం తూకం దగ్గరే ఆగిపోయాం.

హైదరాబాదులో చేతకాదా అంటే చేతనవునని చూపించినవాళ్లున్నారు. ఐఐటీ హైదరాబాద్‌లో సప్తర్షి మజుందార్, చంద్రశేఖర్ శర్మల బృందం జెలటిన్ నానోపోగుల్లో యాంఫోటెరిసిన్-బి అనే మందును నింపి, కాలా అజార్ జ్వరానికి నోటితో వేసుకునే మాత్రగా చేసింది, 2021లో ప్రకటించింది. మోతాదు ఎంత? 60 మిల్లీగ్రాములు. ఎంతసేపట్లో వదులుతుంది, ఎక్కడ వదులుతుంది అన్నది వాళ్లు ఏళ్ల తరబడి కొలిచారు. యాంఫోటెరిసిన్ మూత్రపిండాలను దెబ్బతీసే మందు, లెక్క తప్పితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి అంత జాగ్రత్త. అదే పోగులో వేపనూనె పోసేటప్పుడు ఆ జాగ్రత్తను గుమ్మం బయటే ఎందుకు విప్పుతారు? వేపనూనె అంటే ఒక పదార్థం కాదు. ఏ ఊరి చెట్టు, గింజ వానకు తడిసిందా, గానుగలో ఆడారా, హెక్సేన్‌తో లాగారా, డబ్బాలో ఎన్ని నెలలుంది అన్నదాన్ని బట్టి అందులోని అజాడిరాక్టిన్ అనే రసాయనం పరిమాణం మారిపోతుంది. ఆస్ట్రేలియా వాళ్ల టీ-ట్రీ తైలానికి ఐఎస్‌ఓ 4730 అనే ప్రమాణం ఉంది. ఏ పదార్థం కనీసం ఎంత ఉండాలో, ఏది ఎంతకు మించకూడదో అందులో రాసి పెట్టుకున్నారు. వాళ్ల చెట్టూ చెట్టే, మన చెట్టూ చెట్టే.

ఇంకో మాట, ఎండ గురించి. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల గదిలో అట్టపెట్టెలో ఇంకా ఎక్కువ. పాలీకాప్రోలాక్టోన్ 60 డిగ్రీల దగ్గర కరిగిపోయే పాలిమర్. నూనె కలిస్తే ఇంకా ముందే మెత్తబడుతుంది. నూనె ఆ వేడికి ముక్కిపోతుంది. నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో భద్రపరచిన పట్టీ ఫలితాలు మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం బీరువాకు వర్తిస్తాయా? ఎండాకాలంలో సత్తుపల్లిలో మూడు నెలలు ఉంచి అప్పుడు పరీక్షించిన పేపరు ఏదన్నా ఉంటే నాకు పంపండి, నెత్తిన పెట్టుకుంటాను.

చట్టం దగ్గరికి వద్దాం. 2017 వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. ఉత్త పట్టీ ఒక తరగతి, మందు కలిసిన పట్టీ అంతకన్నా పై తరగతి, దానికి రుజువులు ఎక్కువ కావాలి. అందుకే క్రిములను చంపుతుందని ప్రచారం చేసుకుంటూనే, మందా అని అడిగితే మూలిక అంటారు. చంపేదైతే మందే. మందైతే మోతాదు చెప్పాలి, మనుషుల మీద పరీక్ష చేసి చూపాలి, పక్కన మామూలు గాజుగుడ్డ పెట్టి పోల్చాలి. చంపనిదైతే ఆ మాట డబ్బా మీద నుంచి తీసెయ్యాలి. మధ్యలో ఊయల ఊగడం కుదరదు.

పసుపు పేటెంటు గెలిచాం, వేప పేటెంటు గెలిచాం అంటారు. నిజమే, గర్వపడాల్సిందే. గాయాలకు పసుపు వాడకం మీద 1995లో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి ఇచ్చిన అమెరికా పేటెంటును సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. వేపతో బూజు నివారణ మీద డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీకీ అమెరికా వ్యవసాయ శాఖకూ ఉన్న యూరప్ పేటెంటు 2000లో రద్దయింది, 2005లో అప్పీలూ పోయింది. కానీ పేటెంటు ఆఫీసు అడిగింది ఇది పాతదా, కొత్తదా అని. పుండు అడిగేది పనిచేస్తుందా, లేదా అని. మొదటి కేసు గెలిచి రెండోదీ గెలిచేశామనుకుని కూర్చున్నాం. పాతికేళ్లు దాటిపోయినా అదే కథ సభల్లో చెప్పుకుంటున్నాం.

ఆ గెలుపుల్లో గింజ ఏరినవాళ్లకు దక్కిందేమిటో కూడా అడగాలి కదా. తెలంగాణ రాకముందు పాలమూరు జిల్లా అమరచింతలో ఒక సంగతి జరిగింది. బయో ఇండియా బయొలాజికల్స్ అనే సంస్థ 2,000 కిలోల వేపాకు జపానుకు ఎగుమతి చేసింది. జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు 55,035 రూపాయలు కట్టింది. అందులో 17,000 రూపాయలు అమరచింత జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి వచ్చాయి, మొక్కలు నాటడానికి, ఊళ్లో అవగాహనకు. కిలోకు ఎనిమిదిన్నర రూపాయలు! దేశంలో ఊరి కమిటీకి ఇలా వాటా అందిన తొలి ఉదాహరణల్లో ఇదొకటని ఇప్పటికీ చెప్పుకుంటారు. డబ్బు కట్టిన సంస్థను నేనేమీ అనను, చట్టం చెప్పినట్టు కట్టింది. ఇంత చిన్న మొత్తమే చెప్పుకోదగ్గ ఘనకార్యమైందంటే కట్టకుండా పోయిన సరుకు ఎంతో ఊహించుకోండి. ఆపైన 2023 సవరణ వచ్చి, గ్రంథాల్లో ఎక్కిన సంప్రదాయ జ్ఞానానికీ, ఆయుష్ వైద్యులకూ వాటా పంచే బాధ్యత నుంచి మినహాయింపులిచ్చింది. అంటే పుస్తకంలో ఉంటే పంచక్కర్లేదు. పుస్తకం ఎవరి దగ్గర విని రాశారట?

పరిశోధన ఆపమని నేననడం లేదు. ఇంకా చేయండి, ఇక్కడికొచ్చి చేయండి. ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, పక్కనే పెద్దాసుపత్రి ఉంది, పాదాల పుండ్లతో వచ్చేవాళ్ల వరుస ఉంది. పేపరులో నూనె ఏ అడవిదో, ఏ నెలలో ఏరిందో, అందులో ఏమెంత ఉందో రాయండి. పట్టీలో చివరికి ఎంత మిగిలిందో, రసి ఎంత పీల్చిందో రాయండి. మామూలు గాజుగుడ్డ కన్నా మేలు జరగకపోతే అదీ రాయండి, దాచకండి. ఈలోగా తోటలో ముల్లు దిగినవాడు మాత్రం ఏ పోగు కోసమూ ఎదురుచూడకూడదు. ముల్లు పూర్తిగా తీయించుకుని, సబ్బునీళ్లతో కడిగి, ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

ఇక మా పంచాయతీల వాళ్లకు. ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని, ఊరి చెట్లూ వాటి వాడకమూ రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలని చట్టం చెబుతోంది. వ్యాపారం కోసం ఊరి వనరు తీసుకెళ్లేవాళ్ల నుంచి రుసుము వసూలు చేసే అధికారం 2002 చట్టం 41వ సెక్షనులో ఆ కమిటీకే ఉంది. వేంసూరు మండలంలో వచ్చే గ్రామసభకు ఆ రిజిస్టరు బయటికి తీయించండి. వేప పేజీ, కానుగ పేజీ, ఇప్ప పేజీ తెరిపించండి. ఖాళీగా ఉంటే ఆ సభలోనే, ఆ నూనె తెలిసిన ముసలివాళ్లను కూర్చోబెట్టి, తేదీ వేసి నింపించండి. రుసుము ఎంతో అదే రోజు తీర్మానం రాసి, నకలు రాష్ట్ర జీవవైవిధ్య మండలికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.